నోట్లకు ఏం బోయింది?

పదకొండున్నరకే వెళ్ళాలని ఫర్హీన్ ముందుగా లెక్క వేసుకుంది. పొద్దున ఏడింటికి ఏ ల్యాబు గడప ఎక్కినా లాభం లేదు. రక్తం ఇవ్వడానికి వచ్చిన జనంతోనే అక్కడివాళ్ళకు ఊపిరి ఆడదు. సాయంత్రం పోతే రిపోర్టుల కోసం కీచులాటలు. పదకొండున్నరకు మాత్రం మిషన్లు వాటంతట అవి తిరుగుతుంటాయి, మనుషులు ఓ పది నిమిషాలు నడుం వాలుస్తారు. నారాయణఖేడ్‌లో ఉన్న ల్యాబులన్నీ టెక్నీషియన్ పని కోసం ఐదు నెలల్లో రెండేసి సార్లు తిరిగాక తెలిసిన సంగతి ఇది.

మూడు పేజీల బయోడేటాను కూడా పక్కన పెట్టేసింది. ఎవరూ రెండో పేజీ తిప్పలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది అర కాగితం. పైన పేరు, చదువు. కింద చేతనైన పనులు. ఆ కింద ‘ఈ ఐదు నెలల్లో’ అని రాసి, తాను వెళ్ళిన ఆరోగ్య శిబిరాల పేర్లు తారీఖులతో సహా వేసింది. చివర తెలుగు, ఉర్దూ, కన్నడం అని మూడు భాషలు. వాటి కింద ఒక గీత గీసింది, గర్వంగా.

అన్నిటికంటే ముఖ్యంగా, అడిగే మాట మార్చింది. ‘పని ఉందా’ అంటే ‘లేదు’ అనడం ఎదుటివాళ్ళకు మరీ తేలికైపోతోంది.

డిపో రోడ్డులో మందుల దుకాణం మీదున్న ల్యాబులోకి వెళ్ళి, కౌంటర్ ముందు నిలబడి, గొంతు సవరించుకుంది.

“సార్, ఈ నెలల మీ దగ్గర ఎవరన్న సెలవు పెడ్తుండ్రా?”

కౌంటర్ వెనక బిల్లులు రాసే అంకిత ఫక్కున నవ్వింది. లోపల మైక్రోస్కోపు మీద వంగి ఉన్న చంద్రప్ప కన్ను తీయలేదు. ల్యాబు ఆయనదే. యాభై దాటిన మనిషి.

“ఎవరమ్మా నువ్వు? లేబర్ ఆఫీసు సంది వచ్చినవా?”

“కాదు సార్. ఫర్హీన్. ముందు ఒకపారి వచ్చిన, జాగ లేదన్నరు. మల్లొకపారి వచ్చిన, జాగ లేదన్నరు.”

“ఇప్పుడు గూడ లేదు.”

“గందుకే జాగ అడుగుత లేను సార్. సెలవు అడుగుతున్న.”

చంద్రప్ప తల ఎత్తాడు. కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించుకొని, ఆమెను తేరిపార చూశాడు.

“సార్,” అంది అంకిత నవ్వు ఆపుకుంటూ, “సాయికుమార్ అన్న చెల్లె పెండ్లి గద. సోమారం సంది మూడు దినాలు రానన్నడు. సాంపిల్ ఎవరు తీస్తరు, మీరేనా?”

“నిన్ను అడిగిన్నా?” అన్నాడే గాని, చంద్రప్ప చెయ్యి అర కాగితం కోసం చాచింది. నిలబడే చదివాడు. “ఐదు నెలలు ఇంట్లున్నవ్. సూది పట్టుకుంటె చెయ్యి వణకదా?”

“కింద చూడుండ్రి సార్. నెలకు రెండు క్యాంపులు చేసిన. మనూర్ల, కంగ్టిల. ఊకెనే పోయిన, చెయ్యి మర్వకుండ.”

చంద్రప్ప కాగితం తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు. అది ఆయనకు నచ్చినట్టుంది.

“మూడు దినాలు. సోమ, మంగళ, బుధ. బేస్తారం సాయికుమార్ వస్తడు, నువ్వు రావద్దు. నాకేం మొహమాటం లేదు, ముందే చెప్తున్న.”

“సరే సార్.”

“ఇంకో మాట. పొద్దుగాల జనం పెరుగుతుండ్రు. దినాం ముప్పై సాంపిళ్ళు దాటితె రెండో మనిషిని పెడ్దామని సోంచాయిస్తున్న. దాటిచ్చి సూపియ్. అప్పుడు మాట్లాడుదం.”

మెట్లు ఎలా దిగిందో ఫర్హీన్‌కు గుర్తు లేదు. కంగ్టి బస్సు హారన్ కొడుతున్నా రోడ్డు మధ్యలోనే నిలబడి ఫోన్ తీసింది. “అబ్బా, మూడు దినాలు!” అని తండ్రికి గట్టిగా అరిచి చెప్పేసరికి, పక్కనున్న అరటిపళ్ళ బండి ముసలాయన ఏమనుకున్నాడో, చేతిలోని పండు ఆమె చేతిలో పెట్టి, “మంచిదే బిడ్డ” అన్నాడు.

ఆమె తండ్రి జమాలుద్దీన్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి కూతురు బట్టలు ఉతకడం ఆయన పనే. ఆ సాయంత్రం ట్రంకు పెట్టె తీసి కూతురి తెల్లకోటు బయట పెట్టాడు. పసుపుపచ్చబడి ఉంటుందని ఫర్హీన్ బెంగపడింది. అది మల్లెపువ్వులా ఉంది.

“అబ్బా, ఇది నేను ఐదు నెలల సంది తొడగలే గద?”

“మై ధోయా నా, మహీనేకు ఏక్ బార్,” అన్నాడాయన ఇస్త్రీ పెట్టెలో నిప్పులు సర్దుతూ. నెలకోసారి ఉతికానని అర్థం. ఎందుకని అడిగితే ఏడుపొస్తుందని, ఆమె కోటు మడతలు సర్ది ఇచ్చింది.

*

సోమవారం పొద్దున ఆరున్నరకే బెంచీలు నిండిపోయాయి. ఫర్హీన్ చేతులు కడుక్కొని, గ్లౌజులు తొడుక్కొని, ట్యూబులను రంగుల వారీగా పేర్చుకుంది. షుగరుకు బూడిదరంగు మూత, రక్తకణాలకు ఊదారంగు, మిగతా వాటికి ఎరుపు. ఐదు నెలల తర్వాత మళ్ళీ ఒక ల్యాబులో నిలబడి ఆ మూతలను ముట్టుకుంటుంటే తన వంటింట్లోకి తాను వచ్చినట్టు అనిపించింది.

మొదటి చెయ్యి ఒక మేస్త్రీది. నరం తాడులా పైకే ఉంది. రెండోది ఒక బాలింతది. ఎంత వెతికినా కనబడదు. ఫర్హీన్ కళ్ళతో వెతకడం మానేసి, వేలి కొసతో మోచేతి మడతలో మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట వేలి కింద ఏదో మెత్తగా లేచి పడింది. అక్కడే స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సూది పెట్టింది. ట్యూబులోకి ఎర్రటి ధార దూకింది.

“అయ్యిందా?” అంది బాలింత కళ్ళు మూసుకునే.

“ఎప్పుడో అయ్యింది. కండ్లు తెర్వు.”

తెలుగువాళ్ళు వస్తే, “ఏమన్న తిన్నవా అన్నా?” అని అడుగుతుంది. “ఏం తినలే” అంటారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళయితే, “నాష్టా కరే క్యా ఖాలా?” “నై బేటా.” కర్ణాటక సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళయితే, “ఊట ఆయ్తా అవ్వా?” “ఇల్లవ్వా.” ప్రతిసారీ కాగితం మీద ‘పరగడుపు’ అని చకచకా రాసేది. తన భాషలో పలకరించినందుకు ప్రతివాళ్ళ మొహం విప్పారేది. చెయ్యి వదులయ్యేది. పని జల్దీ సాగేది.

పది గంటలకు అంకిత రిజిస్టర్ ఎత్తి చూపించింది. “అక్కా! ముప్పై ఒకటి! సాయన్న ఎన్నడు ఇరవై ఆరు దాటలే!”

ఫర్హీన్ గ్లౌజులు ఊడదీసి గాలిలోకి ఎగరేసి పట్టుకుంది. లోపలి నుంచి చంద్రప్ప అది చూశాడు. పొద్దున్నుంచీ ముడివడి ఉన్న ఆయన కనుబొమలు కాస్త సడలాయి.

ఒంటిగంటకు కోటు విప్పి చేతిమీద వేసుకొని మెట్లు దిగుతుంటే, కింది మెట్టు మీద కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యి ఊపింది. పొద్దున రక్తమిచ్చిన శివమ్మ. కంగ్టి అవతలి తండా పక్కనుంచి వచ్చింది. ఒళ్ళో రిపోర్టు, మందుల చీటీ, రెండు గోలీల అట్టలు ఉన్నాయి.

“బిడ్డా, గీ గోలి యేది పొద్దుగాల, యేది రాత్రికి? దుకాణపాయన చెప్పిండు గాని, మర్సిన.”

ఫర్హీన్ పక్కన కూర్చుని చదివింది. పరగడుపు షుగరు నూట తొంభై ఆరు. అది చూసి డాక్టరు ఒక గోలీని రెండు చేశాడు.

“ఇంత ఎక్కువ ఎట్లొచ్చిందమ్మా? రాత్రి ఏం తిన్నవ్?”

“రొట్టె, పప్పు. దినాం తినేదే.”

“పొద్దుగాల?”

“పొద్దుగాల ఏం తింట బిడ్డా, రక్తం ఇయ్యాలంటిరి గద. ఊట మాడలే. బస్సు ఎక్కె ముందట చా తాగిన, అండ్ల రెండు పాపెలు ముంచుకున్న. గంతే. అది ఊట కాదు గద?”

ఫర్హీన్ వేళ్ళ మధ్య చీటీ కదలకుండా ఆగింది.

ఊట అంటే భోజనం. పళ్ళెం ముందు కూర్చుని తినేది. చాయ్, పాపెలనే ఆ రస్కులు ఊట ఎలా అవుతాయి? శివమ్మ అబద్ధమాడలేదు. ‘నాష్టా చేయలేదు’ అన్న ఖాలా అబద్ధమాడలేదు. ‘ఏం తినలే’ అన్న మేస్త్రీ కూడా. చాయ్ తాగేదే గాని తినేది కాదు. మూడు భాషల్లో అడిగింది, మూడింట్లోనూ చాయ్ చల్లగా జారిపోయింది. తప్పు వాళ్ళ జవాబులో లేదు. తన ప్రశ్నలో ఉంది.

ఇంటికి వెళ్ళిపోవచ్చు. ముప్పై ఒకటి అని రిజిస్టర్‌లో పడింది, సంతకం కూడా అయ్యింది. ఫర్హీన్ లేచి రోడ్డు మీదికి రెండడుగులు వేసింది. మళ్ళీ వెనక్కి చూసింది. శివమ్మ రెండు అట్టలనూ చెరో చేతిలో పెట్టుకుని, ఏది ఎక్కువో తూకం వేస్తున్నట్టు చూసుకుంటోంది.

“అమ్మా, కొత్త గోలి ఇయ్యాల్ల ఏసుకోకు. పాతదే ఏసుకో. నేను వచ్చేదాక ఈడనే కూసో.”

*

“మల్ల చెప్పు,” అన్నాడు చంద్రప్ప.

“అవ్వ పరగడుపుకు లేదు సార్. నేనే తప్పు అడిగిన. రేపు మల్ల తీయాలె. డాక్టర్ సాబ్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యాలె.”

“రిపోర్టు మీద నా సంతకం ఉంది.”

“ఉంది సార్.”

“తప్పు అడిగిన అంటవ్. ఒక్క అవ్వనేనా, ఇంకెవరన్న ఉన్నరా?”

ఇక్కడ అబద్ధం చెప్పడానికి ఒక చిన్న సందు దొరికింది. ఫర్హీన్ దానివైపు చూసి, వదిలేసింది.

“తెల్వదు సార్. ఇయ్యాల్ల పరగడుపు షుగర్లు పందొమ్మిది తీసిన. ఎంతమంది చాయ్ తాగి వచ్చిండ్రో తెల్వదు.”

చంద్రప్ప కుర్చీని వెనక్కి నెట్టాడు. దాని కాళ్ళు నేల మీద గరగరమన్నాయి. అంకిత కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగింది.

“మూడు దినాలకు వచ్చినోళ్ళు మూడు దినాల పని చేస్కొని పోవాలె. ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. ఎవరూ గిట్ల అడుగలే.”

“నేను గూడ అడుగలే సార్. గిప్పటి దాక.”

ఆయన ఫోన్ తీసి డాక్టరుకు కలిపి, “నమస్తే సార్, చంద్రప్ప. మా దిక్కు సంది చిన్న పొరపాటైంది,” అన్నాడు. ఆ తర్వాత అంకితను పిలిచి రిజిస్టర్ తెప్పించుకుని, పరగడుపు అని రాసి ఉన్నవాళ్ళందరి ఫోన్ నంబర్లూ బయటికి తీసి, ఎవరేం తాగి వచ్చారో కనుక్కోమన్నాడు.

శివమ్మ ఆ రాత్రికి ఊళ్ళోనే ఉన్న మేనకోడలి ఇంట్లో ఆగింది. ఇంటికి చేరిన ఫర్హీన్ తండ్రికి జరిగింది చెప్పి, డైరీలో రాబోయే వారం వెళ్ళాల్సిన దవాఖానల పేర్లు రాసుకుంది. ఏ ఊరి దవాఖానలో ఎవరు ఎప్పుడు సెలవు పెడతారో కనుక్కోవాలి. మూడు దినాల ఆశ మూడు దినాలే. కానీ రాస్తూ రాస్తూ ఆగిపోయి, పేజీ మూలన ఒక వాక్యం రాసింది, కొట్టేసింది, ఇంకొకటి రాసింది.

“కైకు హస్రీ?” అన్నాడు జమాలుద్దీన్. ఎందుకు నవ్వుతున్నావని.

“అబ్బా, ఒక్క మాట. పొద్దుగాల ఏం తిన్నవ్?”

“కుచ్ నై.”

“సరే. లేచినకాడి సంది నోట్లకు ఏం బోయింది?”

ఆయన ఆలోచించాడు. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. “చాయ్. ఖజూర్ ఏక్. నై, దో. బాజూవాలోఁ కా ఖారా బిస్కిట్.” చాయ్, రెండు ఖర్జూరాలు, పక్కింటివాళ్ళ బిస్కెట్టు. కూతురి మొహం చూసి ఆయనకూ నవ్వాగలేదు.

*

మంగళవారం బెంచీ మీది మొదటి మనిషి కిష్టప్ప. పంచె కట్టుకున్న పెద్దరైతు, మాటకారి.

“పెద్దయ్యా, లేచినకాడి సంది నోట్లకు ఏం బోయింది?”

కిష్టప్ప అటూ ఇటూ చూశాడు. “గిదేం అడుగుడమ్మా? దవాఖాననా, పోలీస్ ఠాణానా?”

“చెప్పు పెద్దయ్యా.”

“ఏం బోతది. వేపపుల్ల బోయింది. బయటకి గూడ వచ్చింది.”

బెంచీ అంతా గొల్లుమంది.

“తర్వాత?”

“చాయ్. గది గూడ తిండేనా? గట్లయితే మా ఇంటామె నాకు దినాం ఆరు పూటలు పెడ్తుంది, పాపం, ఊకెనే తిడ్తున్న!”

నవ్వులు ఆగేలోపే వెనక నుంచి ఒకావిడ దిగులుగా, “నేను గోలి ఏసుకునేటందుకు పాలు తాగిన,” అంది. ఇంకొకాయన లేచి వెళ్ళి బయట తంబాకు ఉమ్మి వచ్చి, “గిప్పుడు ఏం లేదు,” అన్నాడు. అటుకులు బుక్కినవాళ్ళు, పిల్లాడు వదిలేసిన బిస్కెట్టు పారేయలేక నోట్లో వేసుకున్న తల్లి, ఒక్కొక్కరే బయటపడ్డారు. ఎవరూ మొహం చాటేయలేదు. అదేదో ఆటలా, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూశారు.

ఫర్హీన్‌కు ఒళ్ళంతా హుషారుగా ఉంది. ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు. రక్తకణాలకు, థైరాయిడ్‌కు తీయాల్సినవి తీసేసింది. షుగరు మాత్రం రేపటికి ఆపి, చీటీ మీద ‘ఉత్త నీళ్ళే’ అని పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. “రేపు రండి” అని ప్రతి ఒక్కరికీ చెప్పింది.

తొమ్మిదిన్నరకు బెంచీ ఖాళీ అయ్యింది. అంకిత దగ్గరికొచ్చి గుసగుసగా, “అక్కా, పదహారే,” అంది. “సార్ రెండుపార్లు వచ్చి బెంచీలు చూసి పోయిండు.”

“శివమ్మది వచ్చిందా?”

“నూట పద్దెనిమిది.”

ఫర్హీన్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నూట తొంభై ఆరుకూ నూట పద్దెనిమిదికీ మధ్య ఉన్నది రెండు పాపెలు, ఒక కప్పు చాయ్. ఆ గోలీ వేసుకుని ఉంటే ఆ ముసలావిడ ఏ పత్తిచేనులో కళ్ళు తిరిగి పడేదో. పదహారైతే పదహారే. ఆ క్షణాన ముప్పై ఆమెకు గుర్తే రాలేదు.

చంద్రప్ప బల్ల మీద శివమ్మవి రెండు రిపోర్టులూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన ఆ మధ్యాహ్నం చాలాసేపు వాటి ముందే కూర్చున్నాడు.

*

బుధవారం, వాయిదా వేసినవాళ్ళలో సగానికి పైగా వచ్చారు. కిష్టప్ప కొంగు పట్టుకు లాక్కొచ్చినట్టు భార్యను కూడా తెచ్చాడు. “ఉత్త నీళ్ళే. కావాలంటె గీమెను అడుగు, పొద్దుగాల సంది నా నోటి మీదనే కాపలా ఉంది.” అంతా కలిసి ఇరవై నాలుగయ్యాయి. ముప్పై కాదు. ముప్పైకి దగ్గర కూడా కాదు.

ఫర్హీన్ వాడిన సూదుల డబ్బా మూత బిగించింది. ట్యూబులు పేర్చింది. బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. మూడు రోజులు బాగా గడిచాయి. చెయ్యి వణకలేదు. రేపు మనూర్ వెళ్ళాలి, అక్కడి దవాఖానలో ఒకామె కాన్పు సెలవు పెట్టబోతోందట. అర కాగితం మీద ఇంకో వాక్యం చేర్చుకోవచ్చు.

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే, పేషెంట్లు కూర్చునే కుర్చీలో చంద్రప్ప. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడుస్తున్నాడు.

“తీయ్.”

“ఏం టెస్టు సార్?”

“షుగరు. రెండేండ్ల సంది గోలి మింగుతున్న. నెల నెల చూసుకుంట. పరగడుపు అని నేనే రాసుకుంట.” మాట అంతటితో ఆపేసి, పిడికిలి బిగించాడు.

ఫర్హీన్ కొత్త గ్లౌజులు తొడుక్కుంది. రబ్బరు పట్టీ కట్టింది. మోచేతి మడతలో వేలు పెట్టింది. మంచి నరం, వెతకనక్కర్లేదు. బూడిదరంగు మూత ట్యూబు చేతిలోకి తీసుకుంది. ఆయనను అడగాలా? మూడు దినాలకు వచ్చిన మనిషి, వెళ్ళిపోయే గంటలో, ల్యాబు పెద్దాయనను?

“సార్, లేచినకాడి సంది నోట్లకు ఏం బోయింది?”

చంద్రప్ప కిటికీలోంచి డిపోకేసి చూశాడు. ఒక బస్సు వెనక్కి తిరిగి, ముందుకు వచ్చి, బయటికి వెళ్ళేదాకా చూశాడు.

“చాయ్.”

“ఎన్ని సార్?”

“లెక్క పెట్టలే.”

“మూడు,” అంది అంకిత కౌంటర్ మీది నుంచి.

“నిన్ను అడిగిన్నా?”

ఫర్హీన్ ట్యూబును దాని చోట పెట్టేసింది. రబ్బరు పట్టీ విప్పింది. రెండు రోజులుగా నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చేసింది.

“రేపు రండి సార్.”

అన్నాక తెలిసింది, ఏమందో. రేపు బేస్తవారం, తనను రావద్దన్న రోజు. చేతిలోని పట్టీని ఎక్కడ పెట్టాలో తోచక వేలికి చుట్టుకుంది. అంకిత పెన్ను రాయడం ఆగిపోయింది. చంద్రప్ప మడిచిన చొక్కా చేతిని నిదానంగా, ఒక్కో మడతే కిందికి దించుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు.

“రేపు నువ్వు ఎన్ని గంటలకు వస్తవ్?”

“ఆరున్నరకు సార్,” అంది ఫర్హీన్.

“ఆరున్నర అంటె కాదు. ఆరింటికి రా.” ఆయన లేచి, లోపలికి రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. “గంతకంటె ఎక్కువ సేపు చాయ్ లేకుంట ఉండుడు నాతోని గాదు.”